ఇన్‌స్టాల్ అయింది సరే, అది ఎక్కడుంది?

లైనక్స్ డెస్క్‌టాప్‌లో లిబ్రెఆఫీస్ వేసుకుంటే మెనూలో దాని బొమ్మ కనిపిస్తుంది, నొక్కితే విండో తెరుచుకుంటుంది. అదే అలవాటుతో అపాచీ అనే వెబ్ సర్వర్ (వెబ్ పేజీలను బ్రౌజర్లకు అందించే ప్రోగ్రాం) కోసం టెర్మినల్లో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అపాచీ2’ అని కొడతాం. పాతిక ముప్ఫై లైన్లు గబగబా పైకి పోతాయి, ప్రాంప్టు మళ్లీ వచ్చి నిలబడుతుంది. అంతే. మెనూలో వెతికితే ఏమీ ఉండదు. ఏదో తేడా కొట్టిందనుకుని అదే కమాండు ఇంకోసారి కొడితే, కొత్త వెర్షనే ఉంది కదా అని జవాబొస్తుంది.

నిజానికి అది అప్పటికే నడుస్తూ ఉంటుంది. బ్రౌజర్ తెరిచి అడ్రస్ బార్‌లో ‘లోకల్‌హోస్ట్’ అని కొట్టి చూడండి, అపాచీ స్వాగత పేజీ వస్తుంది. మీరు దాన్ని మొదలుపెట్టలేదు. ఏ యూజర్ పేరు మీద నడవాలో, ఏ పోర్టు (నెట్‌వర్కు పిలుపులు వచ్చే నంబరు తలుపు) దగ్గర కూర్చోవాలో, ఫైళ్లు ఎక్కడ పెట్టుకోవాలో మీరు చెప్పలేదు. అన్నీ మీ తరఫున ఎవరో నిర్ణయించేశారు. సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం కష్టమని అందరూ అంటారు కానీ, ఇన్‌స్టాల్ చేయడం నిమిషం పని. ఆ నిమిషంలో మనకు తెలియకుండా జరిగిపోయిన నిర్ణయాలే తర్వాత రోజుల తరబడి జుట్టు పీక్కునేలా చేస్తాయి. అవేమిటో ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

పైకి పోయిన ఆ లైన్లలో ఏముంది?

స్క్రోల్ బార్ పట్టుకుని ఓసారి వెనక్కి వెళ్లండి. డౌన్‌లోడ్, అన్‌ప్యాక్ లైన్లు వదిలేయండి. చివర్లో ‘క్రియేటెడ్ సిమ్‌లింక్’ అని మొదలయ్యే లైను ఒకటుంటుంది. /ఈటీసీ/సిస్టమ్‌డీ లోపల ‘మల్టీ-యూజర్ డాట్ టార్గెట్ డాట్ వాంట్స్’ అనే ఫోల్డర్లో అపాచీ సర్వీసుకు ఒక లింకు పెట్టామని అది చెబుతుంది. మొత్తం ఇన్‌స్టలేషన్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన లైను అదే, ఎవరూ చదవనిదీ అదే.

ఆ ఫోల్డర్లో లింకు ఉందంటే, మెషీన్ ఆన్ అయిన ప్రతిసారీ ఆ సర్వీసును లేపమని, సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీకి ఆదేశం ఉన్నట్టు. మీరు పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అయ్యేదాకా కూడా అది ఆగదు. లాగిన్ స్క్రీన్ మీద మీ పేరు కనిపించే సమయానికే అపాచీ లేచి కూర్చుని ఉండవచ్చు. మామూలు ప్రోగ్రాంకూ సర్వర్ ప్రోగ్రాంకూ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. లిబ్రెఆఫీస్ మీ పనిముట్టు, మీరు పిలిస్తే వస్తుంది, మీరు మూస్తే పోతుంది. సర్వర్ అలా కాదు. మీ ఇంట్లో ఒక వాటా అద్దెకు తీసుకున్న మనిషి లాంటిది అది. తన పేరు తనది, తన గది తనది, తన రాకపోకలు తనవి. మీరు ఇంటి యజమానే, కానీ ఆ గదిలో మీరు ఉండరు.

ఆ నిమిషంలో ప్యాకేజీ చేసిన మిగతా పనులు చూస్తే ఈ పోలిక ఇంకా బాగా అర్థమవుతుంది. కాన్ఫిగ్ ఫైళ్లు /ఈటీసీ/అపాచీ2 లో పెట్టింది. లాగ్‌లకు /వార్/లాగ్ లో చోటు చేసింది. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ అయితే ‘పోస్ట్‌గ్రెస్’ అనే కొత్త యూజర్నే సృష్టించి, /వార్/లిబ్ కింద ఖాళీ డేటాబేస్ కట్టి, తాళాలు ఆ యూజర్ చేతికిచ్చింది.

ఇదంతా లైనక్స్ డిస్ట్రోల్లో (లైనక్స్‌ను ఒక్కొక్కరు ఒక్కోలా మూటగట్టి ఇచ్చే రకాల్లో) డెబియన్, ఉబుంటు, మింట్ కుటుంబం సంగతి. ఫెడోరాలో కథ వేరు. అక్కడ ప్యాకేజీ పేరే అపాచీ2 కాదు, ‘హెచ్‌టీటీపీడీ’. కాన్ఫిగ్ ఉండేది /ఈటీసీ/హెచ్‌టీటీపీడీ లో. ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన అది లేవదు, మీరే ‘సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ హెచ్‌టీటీపీడీ’ అనాలి. వేసుకున్నవాడికి వాడాలనే ఉంటుంది కదా అని డెబియన్ వాళ్ల లెక్క, అడగనిదే ఏదీ నెట్‌వర్కులోకి తలుపు తెరవకూడదని ఫెడోరా వాళ్ల లెక్క. నాకు రెండోదే నచ్చుతుంది, డెస్క్‌టాప్ మీద మరీను. ఏదేమైనా ఒక డిస్ట్రో కోసం రాసిన సూచనలు ఇంకో డిస్ట్రోలో సగం దాకా పనిచేసి, మిగతా సగంలో ముంచేది ఇందుకే. అపాచీ రెండు చోట్లా ఒకటే, దాన్ని మూటగట్టినవాళ్ల అలవాట్లు వేరు.

డెస్క్‌టాప్ లైనక్స్ మీద సర్వర్లు సరిగ్గా నడవవనీ, దానికి సర్వర్ ఎడిషనే ఉండాలనీ కొందరు అనుకుంటారు. ఉబుంటు డెస్క్‌టాప్, ఉబుంటు సర్వర్ రెండూ ప్యాకేజీలు తెచ్చుకునేది ఒకే రిపాజిటరీల (ప్యాకేజీల గోదాముల) నుంచి. తేడా అంతా ముందస్తు ఊహల్లో ఉంది. డెస్క్‌టాప్ ఎడిషన్ ముందు ఒక మనిషి కూర్చుని ఉంటాడనీ, కాసేపు వాడకపోతే నిద్రపోవచ్చనీ, రోజుకో వైఫైకి తగులుకుంటుందనీ అనుకుని తయారైంది. సర్వర్ సాఫ్ట్‌వేర్ ఈ మూడింటికీ సరిగ్గా వ్యతిరేకంగా ఆలోచిస్తుంది. ఎదురయ్యే తగాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

ఎవరి పేరు మీద నడుస్తోంది?

వెబ్ సర్వర్ వేసిన ప్రతివాళ్లూ ఒక్కసారైనా చూసే పేజీ ‘403 ఫర్‌బిడెన్’. నేనూ చూశాను. మొదట్లో నా సైటు ఫోల్డర్ హోమ్‌లోనే ఉంచి, అపాచీ కాన్ఫిగ్‌లో ఆ దారి రాశాను. ఫైళ్లకు అందరూ చదువుకునే పర్మిషన్ ఉంది. కాన్ఫిగ్‌లో అచ్చుతప్పు లేదు. అయినా 403. ఓ సాయంత్రమంతా కాన్ఫిగ్ ఫైల్లోనే తవ్వుకుంటూ కూర్చున్నాను. తప్పు అక్కడ లేదు.

డెబియన్ కుటుంబంలో అపాచీ నా పేరు మీద నడవదు, ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ అనే యూజర్ పేరు మీద నడుస్తుంది. ఒక ఫైలు చదవాలంటే ఆ ఫైలుకు పర్మిషన్ ఉంటే చాలదు. అక్కడికి వెళ్లే దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్నూ దాటి వెళ్లే హక్కు ఉండాలి. ఫోల్డర్ మీద ‘ఎక్స్’ అనే అక్షరానికి అర్థం అదే. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా సృష్టించే హోమ్ ఫోల్డర్లకు పర్మిషన్ 750 అయింది, అంతకు ముందు 755 ఉండేది. ఈ మూడు అంకెలు వరసగా ఓనరుకూ, గ్రూపుకూ, బయటివాళ్లకూ ఉన్న హక్కులు. చివరి అంకె సున్నా కావడంతో బయటివాళ్లు గడప కూడా దాటలేరు. లోపల గదిలో ఫైలు ఎంత బార్లా తెరిచి పెట్టినా ఏం లాభం, వీధి గుమ్మం మూసి ఉంటే? అందుకే పాత పుస్తకాల్లో ఉన్న పద్ధతి పాత మెషీన్లలో పనిచేసి కొత్తవాటిలో మొరాయిస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ‘నేమ్ఐ -ఎల్’ అనే చిన్న కమాండు ఉంది, ఎందుకో ఎక్కువమందికి తెలియదు. దానికి ఫైలు పూర్తి దారి ఇస్తే, అన్నిటికన్నా పై ఫోల్డరైన ‘/’ నుంచి ఆ ఫైలు దాకా ఒక్కో మెట్టునూ ఒక్కో లైనులో, దాని ఓనరు, పర్మిషన్లతో సహా రాసి చూపిస్తుంది. నా విషయంలో మూడో మెట్టులోనే దొరికింది. నా పేరున్న ఫోల్డర్, దాని పక్కన చివరి మూడు చోట్లా గీతలే.

ఇలాంటప్పుడు ‘777 పెట్టెయ్’, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చెయ్, అని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పనిచేస్తుంది, కాదనను. తాళం రావట్లేదని తలుపు పీకి పారేసినా పనిచేస్తుంది. సైటు ఫైళ్లను హోమ్‌లోంచి తీసి /వార్ కింద ఉండే వెబ్ ఫోల్డర్లోనో, /ఎస్‌ఆర్‌వీ లోనో పెట్టి, ఓనరుగా మీ పేరే ఉంచండి. సర్వర్‌కు చదివే హక్కు ఇస్తే చాలు. రాసే హక్కు అది అప్‌లోడ్లు దాచుకునే ఒక్క ఫోల్డర్ వరకే.

ఫెడోరాలో ఇంకో మడత ఉంది. పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా ఎస్ఈలైనక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ అడ్డుకోవచ్చు. అక్కడ ప్రతి ఫైలుకూ ఒక లేబుల్ ఉంటుంది. వెబ్ సర్వర్ చదవాలంటే అది వెబ్ సరుకేనని లేబుల్ చెప్పాలి. హోమ్‌లో తయారైన ఫైలును ‘సీపీ’తో వెబ్ ఫోల్డర్లోకి కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ వస్తుంది. ‘ఎంవీ’తో జరిపితే మాత్రం పాత హోమ్ లేబుల్‌తోనే వచ్చి కూర్చుంటుంది. అదే ఫైలు, అదే ఫోల్డర్, అవే పర్మిషన్లు, కాపీ చేస్తే పని చేస్తుంది, జరిపితే చేయదు. తెలియకపోతే ఇది చేతబడిలా ఉంటుంది. ‘రీస్టోర్‌కాన్ -ఆర్’ అని ఆ ఫోల్డర్ మీద నడిపితే లేబుళ్లు సర్దుకుంటాయి. ఎస్ఈలైనక్స్‌నే ఆపేయమనే సలహా 777 సలహాకు అన్నగారు.

పోస్ట్‌గ్రెస్ దగ్గరికొస్తే ఈ పేర్ల వ్యవహారం ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఇన్‌స్టాల్ చేశాక ఉత్సాహంగా ‘పీఎస్‌క్యూఎల్’ అని కొడితే, మీ పేరు రాసి మరీ ఆ ‘రోల్’ (డేటాబేస్ లోపలి యూజర్) లేదంటుంది. ఓహో పోస్ట్‌గ్రెస్ పేరుతో వెళ్లాలేమో అని ‘పీఎస్‌క్యూఎల్ -యూ పోస్ట్‌గ్రెస్’ అంటే, ‘పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్’ అంటుంది. పాస్‌వర్డ్ కూడా అడగదు. అడగని పాస్‌వర్డ్ ఎలా తప్పవుతుందని జనం తలపట్టుకుంటారు.

ఇక్కడ పాస్‌వర్డ్‌తో పనే లేదు. ఒకే మెషీన్లో ఉన్న రెండు ప్రోగ్రాంలు యూనిక్స్ సాకెట్ (మెషీన్ లోపలి మాటల దారి) ద్వారా మాట్లాడుకునేటప్పుడు, అవతల ఉన్నది ఏ యూజరో లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెలే చెప్పగలదు. అబద్ధమాడే వీలు లేదు. పీర్ పద్ధతి అంటే పోస్ట్‌గ్రెస్ కెర్నెల్‌ను అడిగి, లైనక్స్ యూజర్ పేరూ డేటాబేస్ రోల్ పేరూ ఒకటైతేనే లోపలికి రానివ్వడం. మొదట్లో ఉండే రోల్ ‘పోస్ట్‌గ్రెస్’ ఒక్కటే కాబట్టి, ఆ యూజర్‌గా మారి వెళ్లాలి. ‘సుడో -యూ పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్’. ఒక్కసారి లోపలికి వెళ్లి మీ పేరుతో రోల్, డేటాబేస్ సృష్టించుకుంటే ఇక రోజూ నేరుగా వెళ్లవచ్చు. ఇంత చక్కటి ఏర్పాటును విసుగుతో తీసేసి, కాన్ఫిగ్‌లో ‘ట్రస్ట్’ అని రాసుకునేవాళ్లను చూశాను. ఆ చోట ట్రస్ట్ అంటే ఎవరొచ్చి ఏ పేరు చెప్పినా నమ్మెయ్ అని.

ఎవరికి వినిపిస్తోంది?

మీ మెషీన్లో ఎవరెవరు తలుపు తెరుచుకుని కూర్చున్నారో చూడాలంటే ‘సుడో ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ’ కొట్టండి. ఒక్కో లైనులో ఒక అడ్రసు, దాని పక్కన కోలన్ పెట్టి పోర్టు నంబరు, చివర ప్రోగ్రాం పేరు వస్తాయి. పోస్ట్‌గ్రెస్ లైనులో 127.0.0.1:5432 అని ఉంటుంది. అపాచీ లైనులో నక్షత్రం గుర్తు, కోలన్, 80 అని ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడా తెలిస్తే సగం భద్రత తెలిసినట్టే.

127.0.0.1 అంటే ఈ మెషీన్ లోపలివాళ్లు మాత్రమే మాట్లాడగలరు. పోస్ట్‌గ్రెస్ తనంతట తాను అంతకు మించి తలుపు తెరవదు. నక్షత్రం గానీ, 0.0.0.0 గానీ కనిపించిందంటే ఈ మెషీన్‌కు ఉన్న అన్ని నెట్‌వర్కుల నుంచీ వచ్చే పిలుపు వింటానని అర్థం. ఇంట్లో వైఫైలో ఉన్న ఫోన్ నుంచి మీ లాప్‌టాప్‌లోని పేజీ తెరుచుకునేది అందుకే. అదే లాప్‌టాప్ బయటికి తీసుకెళ్లి ఊరూపేరూ తెలియని వైఫైకి తగిలిస్తే, అక్కడున్నవాళ్లకూ తెరుచుకోవచ్చు. కదలకుండా ఒక మూల ఉండే సర్వర్‌కు ఈ బెడద లేదు. డెస్క్‌టాప్ మీద మీ ఒక్కరి పనికే అయితే అపాచీ పోర్టుల ఫైల్లో 80 ముందు 127.0.0.1 చేర్చి రీస్టార్ట్ చేయండి. ఒక్క లైను మార్పు, ఫైర్‌వాల్ గొడవే ఉండదు.

80 నంబరుకే ఇంకో ముచ్చట ఉంది. 1024 కన్నా తక్కువ నంబరున్న పోర్టులను మామూలు యూజర్లు తెరవలేరు. ఒకే కంప్యూటర్ను పదులమంది పంచుకునే రోజుల్లో, ఎవరో ఒక యూజర్ దొంగ లాగిన్ సర్వీసు పెట్టి మిగతావాళ్ల పాస్‌వర్డ్‌లు పట్టేయకుండా పెట్టుకున్న కట్టుబాటు అది. అందుకే అపాచీ ముందు రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) లేచి 80 తెరుస్తుంది, తర్వాత పని చేసే పిల్ల ప్రాసెస్‌లను తక్కువ హక్కులున్న యూజర్‌గా మారుస్తుంది. మీరు సొంతంగా రాసుకున్న సర్వర్లు 3000, 8000, 8080 అంటూ పెద్ద నంబర్ల మీద నడవడానికి కారణం ఇదే.

ఫైర్‌వాల్ ఉందిగా అనుకోకండి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ముందే ఉంటుంది కానీ ఆన్ చేసి ఉండదు. ఫెడోరా వర్క్‌స్టేషన్‌లో ఫైర్‌వాల్‌డీ నడుస్తూనే ఉంటుంది, కాకపోతే డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇబ్బంది కలగకూడదని 1025 నుంచి 65535 దాకా పోర్టులన్నీ తెరిచి ఉంచుతుంది. అంటే 80 మూసి ఉంటుంది, మీరు ప్రయోగాలు చేసే 8080 తెరిచి ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది డాకర్, ప్రోగ్రాంలను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాధనం. యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేశారు, బయటి నుంచి వచ్చేవన్నీ ఆపమన్నారు. తర్వాత డాకర్‌లో డేటాబేస్ కంటైనర్ లేపుతూ ‘-పీ 5432:5432’ అని రాశారు. ఫైర్‌వాల్ స్థితి చూస్తే అంతా మూసి ఉందనే చెబుతుంది. పక్క మెషీన్ నుంచి ప్రయత్నిస్తే డేటాబేస్ పలుకుతుంది. ఆ కంటైనర్‌కు దారి మళ్లించే నియమాలను డాకర్ తానే కెర్నెల్లో రాస్తుంది, ప్యాకెట్లు యూఎఫ్‌డబ్ల్యూ కాపలా ఉన్న వాకిలి దాకా రాకుండానే పక్కదారిన కంటైనర్లోకి వెళ్లిపోతాయి. డాకర్ తన డాక్యుమెంటేషన్లో ఈ సంగతి చెబుతుంది, చదివేదెవరు? తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని అన్నట్టే ఉంటుంది పరిస్థితి. విరుగుడు చిన్నదే. ‘-పీ 127.0.0.1:5432:5432’ అని అడ్రసుతో సహా రాయండి.

ఇక ఇంటర్నెట్ మొత్తానికి మీ పేజీ చూపించాలంటే అది మెషీన్ చేతిలో లేదు. 192.168 తో మొదలయ్యే అడ్రసు మీ రౌటర్ వెనకాలే చెల్లుతుంది. రౌటర్ బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలవుతుంటే, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ మిమ్మల్ని ఇంకో గోడ వెనక పెట్టిందన్నమాట. అప్పుడు రౌటర్లో పోర్టు ఫార్వర్డింగ్ ఎంత చేసినా వృథా ప్రయాసే.

ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

డిస్ట్రో రిపాజిటరీలో ఉంటే అక్కడి నుంచే తెచ్చుకోండి. పాత వెర్షన్ ఇస్తున్నారని చాలామందికి కంప్లైంటు. వెర్షన్ నంబరు పాతదే, కానీ భద్రతా లోపాలు బయటపడినప్పుడు ఆ సవరణలను మాత్రం తెచ్చి పాత వెర్షన్‌కే అతికిస్తారు. నంబరు కదలదు, లోపల కన్నం పూడుతుంది. ఆ నంబరు చూసి మీ సర్వర్‌లో ఫలానా లోపం ఉందని హడావుడి చేసే స్కానర్లు కూడా ఉన్నాయి.

ఈ నిదానం వల్ల మేలు కూడా జరుగుతుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగ దారి పెట్టారని తేలింది. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీసి దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్, పోస్ట్‌గ్రెస్ డెవలపర్లలో ఒకరు. ఆయన చూసింది డెబియన్ ‘అన్‌స్టేబుల్’ శాఖలో, అంటే కొత్త వెర్షన్లు ముందుగా వచ్చే చోట. డెబియన్ స్టేబుల్ వాడుతున్నవాళ్ల దగ్గరికి ఆ వెర్షన్లు రానే లేదు. పాత వెర్షన్ అని ఎవరైనా వెక్కిరిస్తే నేను ఈ కథ చెబుతాను.

రిపాజిటరీలో లేకపోతే, లేదా నిజంగానే కొత్త వెర్షన్ కావాల్సి వస్తే, తయారుచేసినవాళ్ల సొంత రిపాజిటరీ చేర్చుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ వాళ్లదీ, ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ వాళ్లదీ ఉన్నాయి. అప్‌డేట్లు మామూలుగానే వస్తాయి. కంటైనర్లు ప్రయోగాలకు భలే ఉంటాయి, పని అయ్యాక జాడ లేకుండా తుడిచేయవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, సుడో కొట్టే బాధ తప్పుతుందని మీ యూజర్‌ను ‘డాకర్’ గ్రూపులో చేరిస్తే, ఆ యూజర్ చేతికి రూట్ హక్కులు ఇచ్చినట్టే. అది ఇష్టం లేకపోతే రూట్ లేకుండా నడిచే పాడ్‌మన్ ఉంది.

స్క్రిప్టును ‘కర్ల్’తో దించి నేరుగా ‘సుడో బ్యాష్’ నోట్లో పోసే (చూడకుండానే రూట్ హక్కులతో నడిపే) పద్ధతి చాలా ప్రాజెక్టుల సైట్లలో మొదటి లైనులోనే కనిపిస్తుంది. ముందు ఫైలుగా దించుకుని ఓసారి చదవండి. అర్థం కాకపోయినా, /ఈటీసీ లో ఎక్కడెక్కడ వేలు పెడుతోందో కనిపిస్తుంది. రేపు తీసేయాల్సి వచ్చినప్పుడు అదే పనికొస్తుంది, ఎందుకంటే ఇలా వచ్చిన సాఫ్ట్‌వేర్ గురించి ఆప్ట్‌కు ఏమీ తెలియదు. సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవడమూ అంతే. నేర్చుకోవడానికి మంచిదే, అప్‌డేట్ చేసే పూచీ మాత్రం ఇక జీవితాంతం మీదే.

నిద్ర, మెలకువ

మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది, దాంతోపాటు అద్దెకున్నవాళ్లూ నిద్రపోతారు. రాత్రంతా నడవాల్సిన డేటా దిగుమతి పెట్టి, మూత వేసి పడుకుని, పొద్దున్నే లేచి చూస్తే పదకొండు శాతం దగ్గరే ఆగి ఉంది. మూత వేసింది నేనే, ఎవరినంటాం? అలాంటి పని ఉన్నప్పుడు ఆ కమాండు ముందు ‘సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్’ చేర్చితే పని నడుస్తున్నంతసేపూ మెషీన్ తనంతట తాను నిద్రలోకి జారకుండా ఆపుతుంది. మూత సంగతికి అదొక్కటే చాలదు, లాగిన్‌డీ కాన్ఫిగ్‌లో మూతకు సంబంధించిన లైను కూడా మార్చాలి. లేదా మూత తెరిచే ఉంచి పడుకోవాలి. నేను రెండోదే చేస్తాను.

అసలు డెస్క్‌టాప్ మీద సర్వర్లు ఎప్పుడూ మెలకువగా ఎందుకుండాలి? వారానికి రెండు రోజులు వాడే డేటాబేస్ రోజూ బూట్‌లో లేవనక్కర్లేదు. ‘సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్’ కొట్టి, అవసరమైనప్పుడు ‘స్టార్ట్’ అంటే సరిపోతుంది. ఈ రెండు మాటల దగ్గర చాలామంది తికమకపడతారు. డిసేబుల్ అంటే ఇందాకటి ఆ లింకు తీసేయడం, ఇప్పుడు నడుస్తున్నదాన్ని అది ముట్టుకోదు. స్టాప్ అంటే ఇప్పటికి ఆపడం, రేపు బూట్‌లో మళ్లీ లేస్తుంది. రెండూ కావాలంటే రెండూ చెప్పాలి.

లేవనని మొండికేస్తే

కాన్ఫిగ్ మార్చాక రీస్టార్ట్ కొడితే ఎర్రటి అక్షరాల్లో ‘ఫెయిల్డ్’ అని వచ్చిందనుకోండి. ఆ మాటను వెతికితే లక్ష జవాబులు దొరుకుతాయి, ఒక్కటీ మీది కాదు. అసలు కారణం మీ మెషీన్లోనే రాసి ఉంటుంది. ‘జర్నల్‌సీటీఎల్ -యూ’ పక్కన సర్వీసు పేరు, చివర ‘-ఈ’ చేరిస్తే ఆఖరి లైన్లకు తీసుకెళ్తుంది. అక్కడ లేకపోతే /వార్/లాగ్ లో ఆ సర్వర్ సొంత ఫోల్డర్ చూడాలి. అపాచీ 403 ఇస్తే ఎందుకిచ్చిందో జర్నల్లో ఉండదు, దాని ఎర్రర్ లాగ్‌లో ఉంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నా 403 సాయంత్రం నేను చేసిన పని అదే. లాగ్ తెరిచి ఉంటే పర్మిషన్ లేక దారిలో ఆగిపోయానని అపాచీ తానే చెప్పేది.

ఇంజిన్‌ఎక్స్ వేసినప్పుడు తరచూ కనిపించే లైను ఒకటుంది. 0.0.0.0:80 దగ్గర కూర్చోలేకపోయాను, బ్రాకెట్లో 98, ‘అడ్రెస్ ఆల్రెడీ ఇన్ యూజ్’. ఎప్పుడో వేసి మరిచిపోయిన అపాచీ ఇంకా 80 మీద కూర్చుని ఉంటుంది. ఒక పోర్టు మీద ఒక్కరే. ఎవరు కూర్చున్నారో ఎస్ఎస్ కమాండుతో చూసి, అక్కర్లేనివాళ్లను లేపండి. కాన్ఫిగ్ మార్చిన ప్రతిసారీ రీస్టార్ట్‌కు ముందు పరీక్షించడం కూడా అలవాటు చేసుకోండి. అపాచీకి ‘అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్’, ఇంజిన్‌ఎక్స్‌కు ‘ఇంజిన్‌ఎక్స్ -టీ’. తప్పు ఏ ఫైల్లో ఏ లైనులో ఉందో అంకెతో సహా చూపిస్తాయి.

ఖాళీ చేయించేటప్పుడు

ఆప్ట్ ‘రిమూవ్’ అంటే ప్రోగ్రాం మాత్రం పోతుంది, /ఈటీసీ లోని కాన్ఫిగ్ మిగులుతుంది. అందుకే పాడైన కాన్ఫిగ్‌తో విసిగిపోయి తీసేసి మళ్లీ వేసినా అదే తప్పు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ‘పర్జ్’ అంటే కాన్ఫిగ్ కూడా పోతుంది. డేటాబేస్‌ల విషయంలో డేటా కూడా తీసేయమంటారా అని ప్రశ్న అడగవచ్చు. ఆ ప్రశ్నకు ఎంటర్ కొట్టే ముందు ఆగి చదవండి.

డెబియన్ గానీ ఉబుంటు గానీ కొత్త రిలీజ్‌కు అప్‌గ్రేడ్ చేసినప్పుడు పోస్ట్‌గ్రెస్ పెట్టే మెలిక ఇంకోటి ఉంది. పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మారితే పాత డేటా ఫైళ్లను కొత్తది నేరుగా చదవలేదు. కాబట్టి అప్‌గ్రేడ్ పాతదాన్ని ముట్టుకోకుండా, కొత్త వెర్షన్‌ను పక్కన ఖాళీగా నిలబెడుతుంది. 5432 పాతది వాడుతోంది కాబట్టి కొత్తది 5433 మీద కూర్చుంటుంది. ‘పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్’ అని కొడితే రెండు లైన్లు కనిపిస్తాయి, వెర్షన్, పోర్టు, డేటా ఫోల్డర్ దారితో సహా. మీ డేటా మొత్తం పాత లైనులోనే ఉంది. దాన్ని కొత్తదానిలోకి తేవడానికి ‘పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్’ ఉంది, కానీ కొత్త వెర్షన్లో అదే పేరుతో ఖాళీ క్లస్టర్ (పోస్ట్‌గ్రెస్ డేటా మూట) అప్పటికే ఉంటే అది ముందుకు పోదు. ముందు ఆ ఖాళీదాన్ని ‘పీజీ_డ్రాప్‌క్లస్టర్’తో తీసేయాలి. ఆ కమాండు మీరిచ్చిన వెర్షన్ నంబరునే నమ్ముతుంది. కొట్టే ముందు మొత్తం డేటాను ఒకసారి ‘పీజీ_డంప్ఆల్’తో ఫైల్లోకి దించుకుని, రెండు డేటా ఫోల్డర్ల సైజూ ‘డీయూ -ఎస్‌హెచ్’తో చూసుకోండి. ఎక్కువ బరువున్నది సాధారణంగా మీ డేటా ఉన్న ఫోల్డరే.